బోరు నీళ్లకు గాజు గోడ

మార్కాపురంలో ఏ ఇంట్లోనైనా నీళ్లు కాచే గిన్నె అడుగును గోటితో గీరి చూడండి, తెల్లగా పొడి రాలుతుంది. గీజర్ రాడ్డు మీద అదే పొడి గట్టిపడి పొలుసులు కడుతుంది. కూలర్ గడ్డి రెండో వేసవికల్లా రాయిలా బిగుసుకుపోతుంది. ఈ నీళ్లతోనే పుట్టి పెరిగాం కాబట్టి మన కంటికి అది ఆనదు. నాకు మొదటిసారి ఆనింది మా కొత్త స్నానాల గదిలో, ముదురు నీలం గాజు మొజాయిక్ గోడ మీద.

ఆ గోడ సంగతి ముందు చెప్పాలి. హైదరాబాద్‌లో మా చిన్నాన్న కూతురి ఇంట్లో షవర్ చుట్టూ గాజు మొజాయిక్ వేయించుకున్నారు. బొటనవేలి గోరంత ముక్కలు, నీలంలో నాలుగైదు ఛాయలు. లైటు వేయగానే మధ్యాహ్నపు ఎండలో కంభం చెరువును కట్ట మీంచి చూసినట్టు ఉంది. మా ఇల్లు అప్పుడే గోడల దాకా లేచింది. ఫోన్లో ఫోటో తీసుకుని, ఒంగోలు వెళ్లి దుకాణంలో ఆ ఫోటో చూపించి అచ్చం అదే తెచ్చాను. నేల నుంచి సీలింగ్ దాకా వేయించాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా ఒకసారి స్నానాల గదిలోకి తొంగి చూసి వెళ్లారు.

నాలుగు నెలలకు నీలం మీద తెల్లటి ముసుగు పడింది. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో నీటి బొట్టు ఎండిన చోట ఒక్కో తెల్లటి సున్నా, మధ్యలో పలచగా, అంచున చిక్కగా. సున్నా మీద సున్నా పడి గోడంతా అట్ట కట్టింది. అమ్మ ఊరుకోలేక ఆదివారం ఆదివారం యాసిడ్ పోసి రుద్దేది. గోడ తెల్లబడేది, మళ్లీ నీలమయ్యేది, మళ్లీ తెల్లబడేది. రెండో ఏడు షవర్ కింద మోకాలి ఎత్తులో ఒక ముక్క ఊడి పడింది, ఆ వారంలోనే ఇంకో పదకొండు. ఆ గోడకు అవతలి వైపున్న పడకగదిలో సున్నం పొంగి పెళ్లలు పెళ్లలుగా రాలింది.

హైదరాబాద్‌లో ఆ చెల్లెలి ఇంట్లో కుళాయికి కృష్ణా నీళ్లు వస్తాయి. మా ఇంట్లో 500 అడుగుల లోతు బోరు. గోడను చూసి వచ్చాను, ఆ గోడ మీద పడే నీళ్లను చూడలేదు. ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఆ ఒక్క పొరపాటు నేర్పిన పాఠమే. ఇంట్లో ఏ వస్తువు ఎంచుకున్నా రోజూ దానికి ఏది తగులుతుందో, రోజూ దాన్ని ఎవరు చూసుకుంటారో ఆ రెండూ తేలాకే రంగు, ధర, అందం.

ముందు నీళ్లు

గిద్దలూరు, కొమరోలు, బేస్తవారిపేట, తర్లుపాడు, దోర్నాల, యర్రగొండపాలెం, పొదిలి, ఈ ఊళ్లలో వాడుక నీళ్లంటే చాలా ఇళ్లకు బోరే. ఒక వీధి బోరుకూ పక్క వీధి బోరుకూ పొంతన ఉండదు. కాబట్టి 'మా పక్కింటివాళ్లు వేయించుకున్నారు, బాగానే ఉంది' అన్న మాట మీద ఆధారపడొద్దు. టైల్స్ కొనబోయే ముందు ఒక లీటరు సీసాలో మీ బోరు నీళ్లు పట్టి నీటి పరీక్ష చేసే ల్యాబ్‌లో ఇవ్వండి. ఇల్లు కట్టే ఖర్చులో దాని రుసుము లెక్కలోకి రాదు. రిపోర్టులో మీరు చూడాల్సింది మొత్తం కాఠిన్యం, అంటే గట్టిదనం. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ప్రమాణంలో, ఐఎస్ 10500లో, లీటరుకు 200 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు. వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు.

ఆ అంకె గోడ మీద ఎలా కనపడుతుందో లెక్క వేద్దాం. మీ బోరు నీళ్లు 600 దగ్గర ఉన్నాయనుకోండి. స్నానం అయ్యాక గోడను పట్టుకుని నిలిచిన బొట్లన్నీ కలిపితే 100 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసు నీళ్లు. అవి ఆరిపోతే 60 మిల్లీగ్రాముల సున్నం గోడ మీద మిగులుతుంది. చిటికెడు కూడా కాదు. ఇంట్లో నలుగురు రోజూ స్నానం చేస్తే ఏడాదికి 88 గ్రాములు. వంద గ్రాములకు దగ్గర దగ్గరగా సున్నం తీసుకుని మీరే చేత్తో గోడకు పూశారనుకోండి, అదీ సంగతి. ఇతర లవణాలు ఈ లెక్కలో లేవు. నీళ్లు గీజర్‌లోంచి వస్తుంటే ఇంకో చిక్కుంది. వేడికి నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు విడిపోయి సున్నపురాయిగా మారతాయి. షవర్ రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకుపోయి నీళ్లు పక్కలకు చిమ్మడం దాని వల్లే.

ల్యాబ్ దాకా వెళ్లే తీరిక లేకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు సీసాల్లో ఒకదాన్లో బోరు నీళ్లు, ఇంకోదాన్లో వాన నీళ్లో ఆర్‌ఓ ప్లాంటు నీళ్లో సగానికి పోయండి. రెండింట్లోనూ ఒంటి సబ్బు తురుము ఒకే కొలతలో వేసి గట్టిగా కుదపండి. వాన నీళ్లలో నురుగు పొంగుతుంది. బోరు నీళ్ల సీసాలో నురుగు రాక, పైన పెరుగు విరిగినట్టు తెట్టె కడితే మీ గోడకు పట్టబోయేది అదే. సబ్బూ కాల్షియమూ కలిసిన ఆ జిడ్డు నీళ్లలో కరగదు. కుంకుడు రసానికి ఈ బాధ లేదు, అది గట్టి నీళ్లలోనూ నురుగిస్తుంది. మన పెద్దవాళ్లు తలంటుకు కుంకుడుకాయ వదలకపోవడానికి ఈ నీళ్లూ ఒక కారణమని నా నమ్మకం.

మన ప్రాంతంలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇంకొకటుంది. మన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కదా, అది గాజును తినేస్తుందా? తినదు. ఎముకలకూ పళ్లకూ చేటు చేసే ఆ మోతాదు గాజును ఏమీ చేయలేదు. గాజును తినేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. తుప్పు మరకలకని అమ్మే కొన్ని ఘాటైన ద్రావణాల్లో అది గానీ, దానికి దగ్గరి చుట్టమైన అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుంది. వాటిని గాజు గోడ దగ్గరికి రానీయొద్దు, మీ చేతి దగ్గరికి అసలే రానీయొద్దు.

వెలిగొండ నీళ్లొస్తే ఈ బాధలన్నీ తీరతాయని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా వైపు కృష్ణా నీళ్లు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కృష్ణమ్మ ఇంటికొచ్చే రోజు రావాలని నేనూ మనసారా కోరుకుంటాను. కానీ స్నానాల గది కట్టుకునేది ఈ రోజు కుళాయి తిప్పితే వచ్చే నీళ్లను బట్టే.

సందుల్లో ఉంది అసలు గోడ

ఊడిపోయిన గోడను చూడ్డానికి వచ్చిన మేస్త్రీ ఒకప్పుడు పలకల పనిలో ఉన్నవాడు. మా మార్కాపురం పలకల మీద ఎన్ని రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారో లెక్కలేదు. ఆయన గోడ ముందు గొంతుక్కూర్చుని, వేలి కణుపుతో ఒక్కో ముక్కను తడుతూ చెవి దగ్గర పెట్టి వినడం మొదలుపెట్టాడు. పలక మంచిదో కాదో చూసేవాళ్లు అలాగే తట్టి వింటారు. కొన్ని చోట్ల గట్టిగా 'టక్'మంది. కొన్ని చోట్ల బోలుగా మోగింది. బోలుగా మోగిన చోటల్లా సుద్దతో గీత పెట్టుకుంటూ పోయాడు.

"గాజుకేం గాలేదమ్మా" అన్నాడు. "సందుల్లోనే ఉండాది అంతా."

ఆ మాట పట్టుకుని తర్వాత కొలత తీశాను. మా గోడ ముక్కలు 20 మిల్లీమీటర్లవి, మధ్య సందు 2 మిల్లీమీటర్లు. ఒక్క చదరపు అడుగులో ఉన్న సందులన్నీ పొడుగ్గా పరిస్తే సుమారు 28 అడుగులు వస్తాయి. అదే చోట మామూలు అడుగు బై రెండడుగుల టైల్ వేస్తే చదరపు అడుగుకు సందు ఒకటిన్నర అడుగే. షవర్ వెనక గోడ నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు అనుకుంటే మొజాయిక్‌తో దాదాపు 780 అడుగుల సందు, పెద్ద టైల్స్‌తో 42 అడుగులు. గాజు గోడ కట్టించానని మురిసిపోయాను గానీ, ఆ గోడలో ఆరో వంతుకు పైగా గాజే కాదు, సందుల్లో నింపిన సిమెంటు, అంటే గ్రౌట్. ముక్కలు ఇంకా చిన్నవైతే, అంటే 10 మిల్లీమీటర్లవైతే, ఆ వాటా దాదాపు మూడో వంతుకు చేరుతుంది.

గాజు నీటిని పీల్చదు. ఇటలీలోని రావెన్నాలో సాన్ విటాలె చర్చి గోడల మీద 6వ శతాబ్దంలో అతికించిన గాజు ముక్కలు ఇవాళ్టికీ మెరుస్తున్నాయి. గాజు మన్నికకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సిమెంటు గ్రౌట్ మాత్రం నీటిని పీలుస్తుంది, పసుపును పీలుస్తుంది, తలకు రాసిన నూనెను పీలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, యాసిడ్‌కు లొంగిపోతుంది. గోడ మీది తెల్ల పొరా సున్నమే, గ్రౌట్‌లో ఉన్నదీ సున్నపు సరుకే. యాసిడ్‌కు ఆ రెంటి మధ్య తేడా తెలియదు. అమ్మ పోసినప్పుడల్లా బుస్సుమని పొంగింది చూసి మురికి వదులుతోందనుకున్నాం. పొంగినదాన్లో కొంత మా గ్రౌటే. సందు గుల్లయ్యాక నీళ్లు వెనక్కి పోయాయి, వెనక జిగురు నాని వదిలేసింది. ఇందులో అమ్మ తప్పేమీ లేదు. సందుల్లో ఏముందో, దాని మీద ఏది పోయకూడదో ఇల్లు కట్టించిన నేను తెలుసుకుని చెప్పి ఉండాల్సింది.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను. మన నీళ్లకు గాజు మొజాయిక్ వేయాలనుకుంటే నీటిని పీల్చని ఎపాక్సీ గ్రౌటే వేయించండి. దానికి డబ్బు చాలదంటే మొజాయిక్ మానేయండి, పెద్ద టైల్స్ వేసుకోండి. సిమెంటు గ్రౌట్‌తో గాజు మొజాయిక్ వేయించి షవర్ కింద పెట్టడం మాత్రం వద్దు. ఎపాక్సీ ఖరీదు సిమెంటు గ్రౌట్‌కు ఎన్నో రెట్లు. ఆ ఖర్చు సర్దుకోవడానికి మార్గం గోడను తగ్గించడమే. నేల నుంచి సీలింగ్ దాకా అక్కర్లేదు. షవర్ వెనక ఒక్క గోడ, లేదా సబ్బులు పెట్టుకునే గూడు చుట్టూ ఒక పట్టీ. రెండోసారి నేను వేయించింది రెండడుగుల వెడల్పు నిలువు పట్టీ మాత్రమే. కళ్లు మొదట దాని మీదికే పోతాయి. తుడవడానికి అర నిమిషం పడుతుంది.

దుకాణంలో

దుకాణంలో గాజు మొజాయిక్‌ను ఎప్పుడూ పొడిగా, పైనుంచి లైటు పడుతుండగా చూపిస్తారు. మీరు ఒక సీసాలో మీ బోరు నీళ్లు వెంట తీసుకెళ్లి, ముక్కల మీద చల్లి తడిగా చూడండి. నచ్చిన రంగుల్లోంచి ఒక్కో ముక్క అడిగి తీసుకుని ఇంటికి తెచ్చుకోండి. రోజూ పొద్దున ఆ ముక్కల మీద చేత్తో నీళ్లు చిలకరించి తుడవకుండా వదిలేయండి. పది రోజులకు ఏ రంగు ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ మొదట ఓడిపోతాయి. లేత బూడిద, ఇసుక రంగు, పాలిపోయిన ఆకుపచ్చ, రెండు మూడు లేత ఛాయలు కలిపిన మిశ్రమం నిలబడతాయి. మరక పడకపోవడం కాదు, పడ్డ మరక గోడ రంగులో కలిసిపోతుంది. గ్రౌట్ రంగు కూడా అంతే. తెల్లది వద్దు. మన ఇళ్లలో పసుపు రాసుకుని స్నానం చేసే రోజులు ఏడాదిలో చాలా ఉంటాయి. లేత బూడిద రంగు గ్రౌట్ వాటన్నిటినీ ఓర్చుకుంటుంది.

ముక్కను తిప్పి వెనక వైపు చూడండి. గాజంతా రంగుదే అయితే ముందూ వెనకా ఒకటే. కొన్నిటికి గాజు తెల్లదే, వెనక రంగు పూత ఉంటుంది. దాన్ని రెండు రోజులు నీళ్లలో నానబెట్టి బ్లేడుతో గీరండి. పూత లేచిందా, షవర్ దగ్గరికి అది పనికిరాదు. బంగారు, వెండి రేకు వెనక అంటించినవీ, అద్దం ముక్కలవీ పూజగది గోడకు బాగుంటాయి, నీళ్ల దగ్గర అంచుల నుంచి నల్లబడతాయి.

ఇంకో పరీక్ష షీటుకు. ముక్కల్ని అడుగు చదరం షీటులా కలిపి ఉంచడానికి కొందరు వెనక జాలీ అతికిస్తారు, కొందరు ముందు వైపు కాగితం అతికిస్తారు. జాలీ షీటుతో పని తేలిక, మేస్త్రీలు దాన్నే ఇష్టపడతారు. ఆ జాలీని అతికించిన జిగురు నీళ్లకు కరిగేదైతే తర్వాత గోడలో నాని ముక్కలు వదులుతాయి. ఒక షీటు ముక్కను రాత్రి బకెట్లో వేసి, పొద్దున బొటనవేలితో నెట్టి చూడండి. జారి వచ్చేస్తే ఆ షీటు వద్దు. కాగితం షీటులో ముక్క వెనక అడ్డమేమీ ఉండదు, మొత్తం వీపు జిగురుకు అంటుకుంటుంది. నేను రెండోసారి కాగితం షీటే అడిగి తెచ్చుకున్నాను.

డబ్బాల మీద లాట్ నంబరు అన్నిటికీ ఒకటే ఉందో లేదో చూసుకోండి. ఒకే పేరున్న రంగు కూడా లాట్ మారితే ఛాయ మారుతుంది. లెక్క కంటే పదో వంతు ఎక్కువ కొనండి.

నేల మీద మాత్రం గాజు వద్దంటాను. సబ్బు నీళ్లలో అరవై దాటినవాళ్ల పాదం దాని మీద నిలబడుతుందని నాకు నమ్మకం లేదు. మన ఊళ్లోనే దొరికే పలకరాయి ఉండగా దాని అవసరమూ లేదు. పొరలుగా చీలిన ఆ రాయి పైభాగం సహజంగానే కాస్త గరుకు, కాలు జారదు. తడితే గట్టిగా మోగేది తీసుకోండి, అంచున పొరలు లేస్తున్నది వదిలేయండి. నల్లదాని మీద మన నీళ్ల తెలుపు బాగా కనపడుతుంది కాబట్టి బూడిద, ఆకుపచ్చ ఛాయలవి మేలు. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయమనండి, మూతికి గుడ్డ కట్టుకోమనండి. రాతి దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో పలకల ఊరికి వేరే చెప్పాలా.

మేస్త్రీతో మాట్లాడాల్సినవి

చాలామందిమి డబ్బు మాట్లాడతాం గానీ పని గురించి మాట్లాడం. ఆయనకు తెలియదా అనుకుంటాం, అడిగితే నొచ్చుకుంటాడేమో అనుకుంటాం. అడగడం అవమానం కాదు. పనిని గౌరవించేవాళ్లే పని గురించి అడుగుతారు. పెద్ద టైల్స్ వేయడంలో ఇరవై ఏళ్ల చేయి ఉన్నవాళ్లకు కూడా గాజు మొజాయిక్ కొత్త కావచ్చు, ఎందుకంటే మన ఊళ్లలో అది అరుదు.

మొదట అడగాల్సింది వాటర్‌ప్రూఫింగ్ గురించి. గోడకు ఏడడుగుల ఎత్తు దాకా, నేలకు మొత్తం రెండు పూతలు పడాలి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా రావాలి. ఆరాక నీళ్లు బయటికి పోయే నాని ట్రాప్ మూసి రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి రెండు రోజులు వదిలేయాలి. పక్క గది గోడ, కింద సీలింగ్ పొడిగా ఉంటేనే తర్వాతి పని. నేల వాటం అడుగుకు పావు అంగుళం ఉండాలి. టైల్స్ వేశాక వాటం సరిచేయడం ఎవరి తరమూ కాదు.

జిగురు తెల్లది కావాలి. గాజులోంచి వెనక ఉన్నది కనపడుతుంది. మామూలు సిమెంటు పెడితే లేత ఆకుపచ్చ కాస్తా బూడిదగా కనిపిస్తుంది. పళ్లున్న తాపీతో పరిచాక, చదును తాపీతో ఆ గీతల్ని అణచేసి అప్పుడు షీటు పెట్టాలి. అణచకపోతే గాజులోంచి గీతలు చారల్లా కనపడతాయి, గీతల మధ్య ఖాళీల్లో నీళ్లు చేరతాయి. మా మొదటి గోడలో బోలుగా మోగిన చోట్లన్నీ ఆ ఖాళీలే.

ఎండాకాలంలో ఈ పని పెట్టుకోకపోతే మంచిది. పెట్టుకోక తప్పకపోతే పొద్దున్నే మొదలుపెట్టి పది గంటలకు ఆపేయండి. పడమటి ఎండ కొట్టిన గోడ సాయంత్రం దాకా పెనంలా ఉంటుంది. దాని మీద పరిచిన జిగురు షీటు పెట్టేలోపే పైన పొర కడుతుంది, ముక్క అతుక్కున్నట్టే ఉంటుంది గానీ పట్టదు. ఎపాక్సీ ఇంకా తొందరగా గడ్డకడుతుంది. కొంచెం కొంచెంగా కలిపి, నింపిన వెంటనే తడి స్పాంజితో తుడుచుకుంటూ రావాలి. గాజు మీద ఆరిపోయిన ఎపాక్సీ పొరను తీయడం కంటే ఇంకో గోడ కట్టడం తేలిక.

గోడా గోడా కలిసే మూల, గోడా నేలా కలిసే అంచు, ఈ రెండు చోట్లా గ్రౌట్ వద్దు, సిలికాన్ పెట్టమనండి. ఇల్లు ఎండకు వ్యాకోచిస్తుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ కదలికంతా మూలల్లోనే తేలుతుంది. అక్కడ గట్టి పదార్థం ఉంటే చీలుతుంది.

తుడిచేదెవరు

ఈ ప్రశ్నకు ఇంట్లో జవాబు దొరక్కుండా రంగు ఎంచుకోవద్దు. మా మొదటి గోడను నేను ఎంచుకున్నాను, అమ్మ రుద్దింది. చాలా ఇళ్లలో అంతే. ముచ్చటపడేవాళ్లు ఒకరు, మోకాళ్లు అరిగేది ఇంకొకరికి. రెండో గోడకు ముందు నలుగురం కూర్చుని ఒక మాట అనుకున్నాం. స్నానం చేసినవాళ్లే గోడ తుడిచి బయటికి రావాలి.

మాట అనుకోవడం తేలిక, మూడో రోజుకి మరిచిపోవడం ఇంకా తేలిక. మాకు పనికొచ్చిన ఉపాయం చిన్నది. చిన్న రబ్బరు వైపర్‌ను తువ్వాలు తగిలించే కొక్కేనికే తగిలించాం. తువ్వాలు కావాలంటే ముందు వైపర్ చేతికొస్తుంది. చేతికొచ్చినదాన్ని పక్కన పెట్టడం కంటే నాలుగుసార్లు పైనుంచి కిందికి లాగడమే సులువు. వైపర్ మొజాయిక్ మీద నున్నగా సాగదు, ముక్కల అంచుల దగ్గర కాస్త నీరు మిగులుస్తుంది. దాన్ని పాత నూలు గుడ్డతో అద్దితే అయిపోతుంది. తర్వాత తలుపు తీసి ఉంచాలి, గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఉంటే పది నిమిషాలు వేయాలి. నీళ్లు గోడ మీద ఆరకముందే తీసేస్తే సున్నం కట్టడానికి అక్కడ ఏమీ మిగలదు. ఈ అధ్యాయంలో ఇంకేదీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

వారానికోసారి గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసి మెత్తటి బ్రష్‌తో రుద్దితే జిడ్డు పోతుంది. స్టీలు పీచు, ఇటుక పొడి, గరుకు స్క్రబ్బర్ గాజు మీద సన్నటి గీతలు పెడతాయి, తర్వాత ఆ గీతల్లోనే సున్నం కూర్చుంటుంది.

అయినా నెలకోసారి కాస్త తెలుపు కనపడుతుంది. దానికి నిమ్మఉప్పు చాలు. లీటరు వేడి నీళ్లలో ఒక పెద్ద చెంచాడు కరిగించి, గుడ్డను అందులో ముంచి గోడకు అతికించి ఐదు నిమిషాలు ఉంచండి. తీసి, బాగా నీళ్లు పోసి, తుడవండి. మీది సిమెంటు గ్రౌట్ అయితే ముందు సందుల్ని మంచినీళ్లతో బాగా తడపండి. నీళ్లు పీల్చుకుని నిండిపోయిన సందు ఆమ్లాన్ని లోపలికి అంతగా రానివ్వదు. ఉంచే సమయాన్ని రెండు నిమిషాలకు తగ్గించండి. ఒక జాగ్రత్త. మన ఇళ్లలో స్నానాల గది నేలకు బేతంచర్ల బండో కడప బండో వేసి ఉంటే, అది సున్నపురాయి. గోడ మీంచి కారిన నిమ్మఉప్పు నీళ్లు దాని మీద పడితే మెరుపు చచ్చి మచ్చ మిగులుతుంది. పని మొదలుపెట్టే ముందే నేలను తడిపి, కారుతున్నంతసేపూ నీళ్లు పోస్తూ ఉండండి.

వీధిలో సీసాల్లో అమ్మే బాత్‌రూమ్ యాసిడ్ ఇంట్లోకి తేవొద్దు. అది గ్రౌట్‌ను తింటుంది, కుళాయిల మెరుపును తింటుంది, మూసిన గదిలో దాని ఆవిరి గుండెల నిండా పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ విషయం మీ ఇంట్లో పనిచేసే మనిషికి కూడా చెప్పండి, ఎందుకంటే ఆ గదిలో తలుపు దగ్గరేసుకుని రుద్దేది ఆమే.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎప్పుడో ఒక ముక్క పగులుతుంది. బకెట్ కాడ తగిలో, కుళాయి మార్చేటప్పుడు రెంచి జారో. మా రెండో గోడలో మూడేళ్లకు ఒకటి పగిలింది. చుట్టూ ఉన్న గ్రౌట్‌ను సన్నటి బ్లేడుతో ఓపిగ్గా గీరి తీశాం. గాజు పెంకులు ఎగురుతాయని కళ్లద్దాలు పెట్టుకుని, ముక్క మధ్యలో మేకు మొనతో చిన్నగా కొట్టి, లోపలి నుంచి బయటికి ఏరాం. అడుగున మిగిలిన జిగురును గీరి, తెల్ల జిగురు మెంతిగింజంత పెట్టి కొత్త ముక్క నొక్కాం. రోజంతా ఆరనిచ్చి సందు నింపాం. ఆ ముక్క ఏదో చూపించమని ఇప్పుడు అడిగితే అమ్మ కూడా తడుముకుంటుంది.

కొత్త ముక్క వచ్చింది అటక మీది డబ్బాలోంచి. పని అయిపోయిన రోజు మేస్త్రీ మిగిలిన రెండు షీట్లను పాత పేపర్లో చుట్టి, డబ్బాలో పెట్టి, మూత మీద లాట్ నంబరు రాయమన్నాడు. పెన్ను కోసం వెతుకుతుంటే, ఆయనే జేబులోంచి బలపం తీసి ఇచ్చాడు.